తడిసిన పంచింగ్ కార్డులు

2008 మార్చి మొదటి వారం. నాచారం పారిశ్రామికవాడలో మందుల సీసాలకు మూతలు తయారుచేసే ఫ్యాక్టరీకి నేను టైమ్ కీపర్‌ని. ముందుగా పోయినవాటి లెక్క చెబుతాను. అంతకుముందు ఆరు నెలల్లో, ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసే తొమ్మిదిమంది ఆడవాళ్ళకు కలిపి అరవై మూడు సగం రోజులు పోయాయి. ఇద్దరికి హాజరు బహుమతి పోయింది. వాళ్ళలో యాదమ్మ ఒక్కదానికే పద్నాలుగు సగం రోజులు, వాటితోపాటు రెండు మెమోలు. మూడో మెమో వస్తే ఉద్యోగమే పోతుంది. ఆ అరవై మూడింటినీ రిజిస్టర్లో ఎర్ర సిరాతో రాసింది నేనే.

మా పని పైకి చాలా తేలిక. గేటు దగ్గరి గడియారం పెట్టెలో కార్డు దూర్చితే దానిమీద టైము అచ్చు పడుతుంది. అదే పంచింగ్. షిఫ్టు ఎనిమిదికి. ఎనిమిదీ పదిహేను దాటితే సగం రోజు కోత. నెలాఖరున కార్డులన్నీ కూడి పై ఆఫీసుకు పంపాలి. నేను చదివింది పదో తరగతి. ఎక్సెల్ నాకెవరూ నేర్పలేదు. టైమ్ ఆఫీసులోని పాత కంప్యూటర్ ముందు అన్నం డబ్బా పెట్టుకుని, తప్పులు చేస్తూ, చెరుపుతూ నేర్చుకున్నాను.

ఫిబ్రవరి కార్డులు కూడుతుంటే కొన్నిచోట్ల అచ్చు అలుక్కుపోయి అంకెలు కనబడలేదు. పాతవి కూడా తీసి బల్లమీద పరిచాను. ఆలస్యమైన అరవై మూడు రోజుల్లో యాభై ఎనిమిదింట సిరా చెదిరి ఉంది. ఆ తేదీలన్నీ రోజు విడిచి రోజు. యాదమ్మను పిలిచి అడిగాను.

“ఆలస్యమైన రోజే నీ కార్డు ఎందుకు తడుస్తోంది?”

“నీళ్ళ రోజు గద సారూ. చేతులు తుడుసుకునే పురుసతు ఏడిది? బిందె దించుడు, తడి చేతులతోనే కార్డు కొంగుల చెక్కుడు, ఉరుకుడు. మేం తొమ్మిదిమందిమి ఒక్క వాడోళ్ళమే, ఉప్పల్‌ల.”

“మరి మెమోకు జవాబులో ఆ ముక్క రాయొచ్చుగా?”

“రాస్తె నమ్మిన్రా? దినానికో కథ చెప్తున్నవని పెద్దసారు అననే అనె. మీరు సుత అంతే, ఎర్ర పెన్ను తియ్యంగనే నా మొకం సూడరు.”

ఆమె చెప్పింది నిజం.

కార్డులు పట్టుకుని మేనేజరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన ఒక్కొక్కటీ వెలుతురుకు ఎత్తి చూశారు. “నీళ్ళు ఆరింటికి వదులుతారు. ఇంటి నుంచి ఇక్కడికి అరగంట. ఆలస్యం ఎక్కడ జరుగుతోందయ్యా? నెలాఖరు దాకా మూడో మెమో ఆపుతాను. ఆలోపు కారణమైనా తేల్చు, లేదా ఆమెను తీసేసే కాగితం తయారుచెయ్యి.”

ఆ ఆదివారం ఉప్పల్ వెళ్ళాను. వాలులో పొడుగాటి సందు, ముప్పై ఒక్క ఇళ్ళు. యాదమ్మది ఇరవై రెండోది. ముందిళ్ళవాళ్ళకు, వెనకిళ్ళవాళ్ళకు మాటల్లేవు. “మోటర్లు పెట్టి గుంజుతున్నరు, మాకేం మిగుల్తయి?” అని వెనకవాళ్ళు. “మోటరుంటే సూపియ్యిన్రి, మీ కాళ్ళు మొక్కుతం!” అని ముందింటి పద్మక్క నడుంమీద చెయ్యి పెట్టింది.

సందులో పందొమ్మిది సెల్‌ఫోన్లు ఉన్నాయి. కాల్ చేస్తే డబ్బులు, మిస్డ్ కాల్ ఊరికే. అందుకే దాన్ని ఎంచుకున్నాను. నీళ్ళు రాగానే నాకొక మిస్డ్ కాల్ ఇవ్వాలి, ఆ టైము నేను ఎక్సెల్‌లో ఎక్కించుకుంటాను.

మొదటి మూడు విడతల లెక్క చూసి తల పట్టుకున్నాను. పందొమ్మిది కాల్సూ ఆరూ మూడుకూ ఆరూ ఆరుకూ మధ్య వచ్చాయి. అంటే అందరికీ ఒకేసారి నీళ్ళు! మేనేజరు గారి మాటే నిజమవుతోంది. మూడో విడత రోజు ఏడు కొట్టకముందే స్కూటర్ వేసుకుని వెళ్ళాను. యాదమ్మ కుళాయి కింద బిందె ఎండిపోయి ఉంది.

“నీళ్ళేవి?”

“ముంగటికొచ్చినయ్ సారూ. మనకూ వస్తయ్ తియ్.”

“మరి ఆరింటికే నాకు కాల్ ఎందుకిచ్చావు?”

“అగో! పద్మక్క మాకు కొట్టింది, మేం మీకు కొట్టినం. మా వాడల ఎప్పుడూ గట్లనే గద!”

మిస్డ్ కాల్ అక్కడ నేను కనిపెట్టింది కాదు. మాటల్లేకపోయినా, నీళ్ళు తగలగానే ముందింటివాళ్ళు వెనకింటివాళ్ళకు మిస్డ్ కాల్ ఇస్తారు, బిందెలు సర్దుకోమని. అదే గొలుసు నాదాకా వచ్చింది. ఆరు రోజులు వృథా. నియమం మార్చాను. మొదటి బిందె నిండి పొర్లితేనే నాకు కాల్.

“నిండకపోతేనో?” అందొకామె.

“నిండనివాళ్ళు అసలు ఇవ్వొద్దు. అది కూడా లెక్కే.”

“గీ సారు లెక్కలు పాడుగాను, రాని నీళ్ళకు సుత ఒక గడి గీసిండు!” అని యాదమ్మ నవ్వింది.

తర్వాత ఆరు విడతలు సరిగ్గా వచ్చాయి. ఇళ్ళ వరసలో గ్రాఫ్ గీశాను. ఒకటి నుంచి పద్నాలుగో ఇంటిదాకా ఆరూ పన్నెండులోపే బిందె నిండుతోంది. పదిహేనో ఇంట్లో ఆరూ యాభై ఎనిమిది! యాదమ్మ ఇంట్లో ఏడూ పది. ధార మరీ సన్నబడిన రోజు ఆమె ఆరు బిందెలు, ఒక డ్రమ్ము నింపుకుని బయలుదేరేసరికి ఏడూ యాభై. గేటు దగ్గరికి ఎనిమిదీ ఇరవై.

నెలాఖరుకు మూడు రోజులుంది. గ్రాఫ్ పట్టుకుని నీళ్ళ ఆఫీసుకు వెళ్ళాను, యాదమ్మనూ పద్మక్కనూ వెంటబెట్టుకుని. ఇంజనీరు గారు చూడకుండానే, “టెయిల్ ఎండ్ అండీ. లైను చివర ప్రెషర్ తగ్గుతుంది, మామూలే” అన్నారు.

“చివరికి పోయేకొద్దీ తగ్గితే గీత కొంచెం కొంచెంగా ఎక్కాలి కదండీ. ఇక్కడ పద్నాలుగుకూ పదిహేనుకూ మధ్య ఒక్కసారే మెట్టు ఎక్కింది. ఎవరైనా మోటారు పెట్టినా ఆరు విడతలూ అదేచోట ఇలా రాదు.”

ఆయన కళ్ళజోడు పెట్టుకుని కాగితం దగ్గరికి లాక్కున్నారు. కాసేపటికి లైన్‌మన్ మల్లేశ్‌ను పిలిచారు. మల్లేశ్ పద్నాలుగో గడిమీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు.

“సార్, సిమెంటు రోడ్డు ఎయ్యకముందు గీడ వాల్వు మూత ఉండె. రోడ్డు ఏసినోళ్ళు గది కప్పెట్టిన్రు. నేను మరిసే పోయిన.”

మర్నాడు మధ్యాహ్నం రోడ్డు పగలగొట్టారు. రెండడుగుల లోతులో వాల్వు దొరికింది. పద్నాలుగు చుట్లు తిరగాల్సినది మూడు చుట్లే తెరిచి ఉంది. ఆ సన్నటి ఖాళీలోంచి, ముందిళ్ళవాళ్ళు నింపుకుని కుళాయిలు కట్టేశాకే వెనక్కి నీళ్ళు తోసుకొచ్చేవి. మల్లేశ్ వాల్వుకు కీ వేసి తిప్పుతుంటే అందరూ కలిసి నాలుగు నుంచి చుట్లు లెక్కపెట్టారు. పద్నాలుగు అనేసరికి పద్మక్క యాదమ్మ భుజం చరిచింది. “ఇగ చెప్పు, ఏడున్నది నా మోటరు?”

మార్చి ముప్పై ఒకటి నీళ్ళ రోజు. నాచారంలో మా ఇంట్లో ఫోన్ ముందు కూర్చున్నాను. ఆరూ పదకొండుకు యాదమ్మ నంబరు మోగింది. కట్ అవుతుందని చూశాను. కాలేదు. మోగుతూనే ఉంది. ఎత్తాను.

“సారూ! బిందె పొర్లుతుంది!”

“మిస్డ్ కాల్ ఇస్తే సరిపోయేదిగా, డబ్బులు పోతాయి.”

“పోనియ్ సారూ. ఇంటున్రా?” ఫోన్ నీళ్ళ దగ్గర పెట్టింది. ధార పడుతున్న చప్పుడు, దాని వెనక సందంతా ఆడవాళ్ళ కేకలు.

ఆ రోజు ఆమె కార్డు ఏడూ నలభై ఆరుకు పంచ్ అయింది. పొడిగా, అంకెలు గీసినట్టు. తొమ్మిది కార్డులూ పొడిగానే ఉన్నాయి. గ్రాఫూ కార్డులూ చూసి మేనేజరు గారు రెండు మెమోలూ నా ముందే చింపారు. ఆ ఏడాది రిజిస్టరులో నీళ్ళవల్ల పడిన ఎర్ర గుర్తులన్నీ కొట్టెయ్యమన్నారు. ఇరవై రెండు కొట్టేశాను. ముందటేటి రిజిస్టరు మూసేశారు, దాన్ని తెరవడానికి ఒప్పుకోలేదు.

తర్వాత ఆ సందువాళ్ళు వీధిదీపాలకూ చెత్తబండికీ అదే పద్ధతి పెట్టుకున్నారు. లెక్క పద్మక్క ఇంట్లోనే రాసేవారు. తెలంగాణ వచ్చిన ఏడాది నేను ఉద్యోగం మానేటప్పటికి యాదమ్మ ప్యాకింగ్ సూపర్‌వైజరు. ఎవరైనా ఆలస్యంగా వస్తే ముందు చేతులు చూసేది.

కార్డుమీద మనిషి వచ్చిన టైము పడుతుంది, వచ్చిన దారి పడదు. ఇది తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. అరవై మూడింటిలో ఐదు వేరే కారణాలవి. మిగిలిన యాభై ఎనిమిదిలో ఇరవై రెండు సరిదిద్దాను. ఆ తొమ్మిదిమందికి నేను ఇంకా బాకీ ఉన్నవి ముప్పై ఆరు.