సునీత చెప్పిన మంచు

శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకు పార్సిప్పనీలో స్కీ బస్సు ఎక్కేసరికి నా ఫోన్‌లో మూడు యాప్‌లు మూడు మాటలు చెబుతున్నాయి. ఒకటి ఎనిమిది అంగుళాల స్నో అంది. రెండోది రెండే అంది. మూడోది ఏకంగా వర్షం అంది. నేను ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. ఒకే ప్రశ్నకు మూడు జవాబులొస్తే మేం బగ్ రాసి పంపిస్తాం. ఆకాశానికి బగ్ ఎలా పంపాలో తెలియక నోరు మూసుకుని కూర్చున్నాను.

వెళ్ళక తప్పదు మరి. ఈ సీజన్‌కి ఇదే ఆఖరి బస్సు. పోయినేడాది వెర్మాంట్‌లో ఇదే కొండ మీద, సగం దారిలో ఉన్న ఒక నిటారు మలుపు దగ్గర పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. స్లెడ్జి అనే జారుడు బండి మీద దుప్పట్లు చుట్టి, బెల్టులు బిగించి, సామాను దించినట్టు నన్ను దించారు. వాలు పక్కన పిల్లలు ఆగి చూశారు. ఆ సిగ్గు మణికట్టు కంటే ఎక్కువ నొప్పి పెట్టింది. ఈసారి ఆ వాలు నా కాళ్ళ మీద నేను దిగాలి, లేదా స్కీలు అమ్మేసి ఈ సరదాకు దణ్ణం పెట్టేయాలి. మా ఆయన ప్రసాద్ అమ్మకానికి ఫొటోలు కూడా తీసి ఉంచారు. పైగా నా చేత ఒక ఒట్టు వేయించుకున్నారు: "స్నో మెత్తగా ఉంటేనే దిగు. గట్టిపడి ఉంటే వద్దు."

నా పక్క సీట్లో తెల్లగడ్డం పెద్దాయన, రిటైరైన బడిపంతులు. రిసార్ట్ వాళ్ళ రిపోర్టు చూపించి, ఇందులో 'వేరియబుల్' అంటే ఏమిటని అడిగాను.

"ఐస్ అని రాయడానికి వాళ్ళకు చెయ్యి రాదమ్మా, అందుకని అలా రాస్తారు," అన్నాడు. "రిపోర్టులు చదవకు. కిందికొచ్చేవాళ్ళ ప్యాంట్లు వెనకనుంచి చూడు. తెల్లగా ఉంటే చాలామంది పడ్డారన్నమాట. నువ్వు వెళ్ళకు."

ఈ పద్ధతి నాకు నచ్చింది. కనీసం ఒక్క జవాబే వస్తుంది.

ఏడూ పదికి బస్సు కాఫీ కోసం ఆగింది. అక్కడి కాఫీ కోసం దిగకండి, ఫ్లాస్క్ తెచ్చుకోండి. నేను తెచ్చుకున్న పులిహోర తింటూ సునీతకు ఫోన్ చేశాను. సునీత మా అపార్ట్‌మెంట్లలోనే ఉండే కరీంనగర్ అమ్మాయి, నాకంటే బాగా స్కీ చేస్తుంది. శుక్రవారమే ఆ కొండకు చేరింది.

"పైన ఎలా ఉందే?"

"మస్తు మంచుందక్కా! అంతా తెల్లగ కమ్మేసింది!"

సిగ్నల్ పోయింది. పోతే పోయింది, నాకు కావలసిన మాట దొరికింది. ఎనిమిది అంగుళాల యాప్‌ను ఉంచుకుని మిగతా రెండూ ఫోన్‌లోంచి తీసి పారేశాను.

తొమ్మిదీ ఇరవైకి బస్సు దిగాను. కొండ లేదు. నిజంగానే లేదు. లిఫ్ట్ కుర్చీలు తీగ మీద కొంత దూరం పైకి వెళ్ళి తెల్లటి గోడలోకి మాయమవుతున్నాయి. సునీత ఎదురొచ్చింది.

"ఇదేమిటే? స్నో బాగుందన్నావు!"

"నేనెప్పుడన్న? మంచున్నదన్న. స్నో ఉంటే స్నో అంటగద అక్కా! మంచంటే పొగమంచు!"

పదిహేనేళ్ళుగా అమెరికాలో ఉన్నాను. ఇక్కడ ఏ తెలుగువాళ్ళయినా స్నోని స్నో అనక మంచు అనడం నేను విన్నానా? పొద్దున లేచి కిటికీ తీసి "మంచు పడింది" అని నేను మాత్రం అన్నానా? తెలిసీ నాకు కావలసినట్టు విన్నాను. కోపం సునీత మీదో నా మీదో తేల్చుకోలేక ఇద్దరినీ కలిపి తిట్టాను.

సరే, పెద్దాయన పద్ధతి ఉందిగా అని లిఫ్ట్ పక్కన నిలబడి వచ్చేపోయేవాళ్ళ ప్యాంట్లు చూశాను. ఆ తడి పొగలోంచి బయటికొచ్చే ప్రతి మనిషీ ముందూ వెనకా, మీసాలతో సహా తెల్లగానే ఉన్నాడు. ఒకాయన నన్ను అనుమానంగా చూసేసరికి ఆ పరిశోధన కూడా ఆపేశాను.

"అక్కా, ఇట్ల గంటలు గంటలు చూస్తే బస్సు టైమైతది. పా, పైకి పోయి సూద్దాం," అంది సునీత.

పదకొండుకు లిఫ్ట్ ఎక్కాం. పైన దిగి చేతికర్ర గుచ్చాను. మెత్తగా దిగింది, మళ్ళీ గుచ్చితే ఇంకా మెత్తగా దిగింది. అంటే రాత్రి స్నో కూడా పడింది! ఒట్టు స్నో గురించే గాని పొగ గురించి కాదు కదా. అయినా పది అడుగుల అవతల ఏముందో తెలియడం లేదు.

"నేను ముందు పోత. ఓ అంటే ఓ అను," అంది సునీత.

అలాగే దిగాం. ఆమె "ఓ" అంటుంది, నేను "ఓ" అంటాను, ఆ గొంతు వైపు తిరుగుతాను. ఎక్కడ ఆగితే అక్కడే ఉండిపోతానని భయం. స్కీల కింద స్నో సుయ్ మంటోంది. నా ధ్యాసంతా రాబోయే మలుపు మీదే ఉంది. మోకాళ్ళు వంచి, పళ్ళు బిగించి కాచుకున్నాను.

చివరికి తట్టుకోలేక అరిచాను. "ఆ మలుపు ఎప్పుడొస్తుందే?"

"అది దాటి ఎంతసేపాయె! అగో, కింద బిల్డింగే కనబడ్తుంది!"

నాకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో చెప్పలేను. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ అక్కడే చతికిలబడ్డాను. నా ప్యాంటు వెనక తెల్లబడింది ఆ రోజు అప్పుడొక్కసారే.

మధ్యాహ్నం రెండింటికి పొగ విడిపోయింది. నీలం ఆకాశం, బోలెడంత ఎండ, కొండ మొత్తం కళ్ళ ముందుంది. ఆ మలుపూ ఉంది, గోడకు ఆనించిన నిచ్చెనలా నిలువుగా. రిపోర్టు బోర్డు మీద 'వేరియబుల్' చెరిపి 'అద్భుతం' అని రాశారు.

"ఇంకోపాలి పోదామా? ఇప్పుడు మంచిగ కనబడ్తది," అంది సునీత.

పొగ పోయి అన్నీ బాగున్నప్పుడే నేను బెంచీకి అతుక్కుపోయాను. పొద్దున దిగిన మనిషీ ఈ మనిషీ ఒకరేనా అని నాకే అనుమానం వచ్చింది.

నాలుగింటికి బస్సు కదిలింది. మీలో ఎవరైనా వెళ్తే వెళ్ళేటప్పుడు ఎడమవైపు కిటికీ తీసుకోండి, నది కనబడుతుంది. స్నో ఎలా ఉంటుందని మాత్రం నన్నడగకండి. ఒక్క రోజులో నేను చూసినవి చెబితే నాలుగో యాప్ అనుకుంటారు.

కాసేపటికి ప్రసాద్ ఫోన్ చేశారు.

"దిగావా?"

"దిగానండీ."

"శభాష్! అయితే భయం పోయింది. ఆ స్కీల ఫొటోలు తీసేయనా?"

"తీసేయండి. వచ్చే ఏడు మళ్ళీ దిగాలి, ఈసారి కనబడుతుండగా."

"అదేమిటి? ఇవాళ దిగేటప్పుడు భయం వేయలేదా?"

కిటికీలోంచి వెనక్కి చూశాను. ఎండలో ఆ కొండ ఇంకా దూరంగా మెరుస్తోంది.

"ఆ మలుపు దగ్గర వేయలేదండీ," అన్నాను. "ఇప్పుడు వేస్తోంది."