నెయ్యి వద్దన్న పెద్దల్లుడు

మా తోడల్లుడు పోయాడు. కబురు ఉదయగిరి నుంచి మా పక్కింటి వాళ్ళ ఫోనుకు వచ్చింది. మా ఆవిడ వెళ్ళి మాట్లాడి, తిరిగొచ్చి గుమ్మంలోనే కూలబడిపోయింది. ఆ సమయంలో నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఏమిటో చెబుతాను, మీరు నన్ను ఏమైనా అనుకోండి. "గుండేనా?" అని అడిగాను.

"కాదంట. మలేరియా జొరం మెదడుకెక్కిందంట," అంది ఏడుస్తూ. కాసేపటికి కొంగుతో ముక్కు తుడుచుకుని, "గుండె మాత్రం కడదాకా గట్టిగానే కొట్టుకునిందంట. ఈ వయసులో ఇంత మంచి గుండె చూడలేదని డాక్టరే అన్నాడంట," అని చెప్పింది.

చూశారా, పోతూ పోతూ కూడా మెప్పు కొట్టేసి పోయాడు. నాకు దుఃఖం వచ్చింది, దాంతో పాటే ఒళ్ళు మండింది కూడా. ఆయన విషయంలో నాకు ఈ రెండూ ఎప్పుడూ కలిసే వచ్చేవి.

మా అత్తగారి ఊరు వింజమూరు. పెద్దమ్మాయిని ఉదయగిరిలో లెక్కలు చెప్పే ఆయనకిచ్చారు, చిన్నమ్మాయిని ఆత్మకూరులో సోషల్ చెప్పే నాకిచ్చారు. ఇద్దరం అయ్యవార్లమే అయినందువల్ల పక్కపక్కన నిలబెట్టి కొలవడం చుట్టాలకు మరీ సులువైంది. ఆయన పొడుగు. జుట్టు కూడా ఆయనకే ఎక్కువ. చర్చిలో ఆయన పాట ఎత్తుకుంటే వెనక బెంచీల వాళ్ళు పాడటం ఆపి వినేవాళ్ళు. నేను ఎత్తుకుంటే మా ఆవిడ మోచేత్తో పొడిచేది. పోనీ మనిషికి కాస్త గర్వమన్నా ఉంటే దాన్ని పట్టుకుని తిట్టుకునేవాణ్ణి. అదీ లేదు. నన్ను 'తమ్ముడూ' అని పిలిచే తీరులో నిజంగానే తోడబుట్టిన వాడి చనువు ఉండేది.

ఇవన్నీ నేను ఓర్చుకున్నాను. ఓర్చుకోలేకపోయింది కొలెస్ట్రాల్ సంగతి.

తొంభైల మొదట్లో ఒక ఎండాకాలం నాకు ఛాతీలో మంట పట్టుకుంది. నెల్లూరు పోయి చూపించుకుంటానంటే ఒంటరిగా పోవద్దని, తెల్లవారకముందే ఉదయగిరిలో బస్సెక్కి ఆయన నాకు తోడొచ్చాడు. డాక్టరు నొక్కి చూసి గ్యాసేనన్నాడు, అయినా మంచిదని నెత్తురు పరీక్షకు రాశాడు. పక్క కుర్చీలో ఉన్న ఆయన్ను చూసి, "మీరూ ఏం తినలేదు గదా, ఇచ్చేయండి, ఒక పనైపోతాది," అన్నాడు. సాయంత్రానికి తేలిందేమంటే ఇద్దరికీ కొలెస్ట్రాల్ ఎక్కువే, ఆయనకు నాకంటే బాగా ఎక్కువ. అబద్ధమెందుకు, నాకు ప్రాణం కాస్త హాయిగా అనిపించింది. మా ఇద్దరికీ పెట్టిన పరీక్షల్లో ఆయన వెనకబడింది అదొక్కటే.

డాక్టరు మంచివాడు. "మూడు నెల్లు తిండి మార్చండి, రోజూ చెమట పట్టేటట్టు నడవండి. నెయ్యి, వేపుళ్ళు, కొవ్వు మాంసం తగ్గించి పప్పులు, ఆకుకూరలు, ముతక ధాన్యాలు తినండి. దిగితే మాత్రలు అక్కర్లేదు. దిగకపోతే మొండికేయకుండా వేసుకోవాల. కొందరికి ఎంత చేసినా దిగదు, అది ఒంటి తీరు, అందులో తప్పేమీ లేదు," అని చెప్పి పంపించాడు.

తిరుగు బస్సులో నేను డాక్టరు మీద జోకులు వేస్తున్నాను. ఆయన సంగం దాటేదాకా నోరు విప్పలేదు. తరవాత కిటికీ లోంచి బయటికి చూస్తూనే అన్నాడు.

"తమ్ముడూ, నేను మాత్రల దాకా పోకూడదు."

"ఏందన్నా, చేదుగా ఉంటాయనా?"

"ఇంట్లో జబ్బు మనిషి ఒకరుండారు గదా. రెండో మనిషి కూడా తలాపున డబ్బా పెట్టుకుంటే ఆమె తట్టుకోలేదు. నేను గట్టిగా ఉండాననే ధైర్యం మీదే మీ వదిన నడస్తా ఉండాది."

వదినకు చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి గుండెలో కవాటం దెబ్బతింది. పెళ్ళికి ముందు నుంచీ రోజూ మందులే. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. కాన్పు తట్టుకోలేదని డాక్టర్లు చెబితే పిల్లలు కూడా వద్దనుకున్నారు. బస్సు కుదుపులకు భయపడి పుట్టింటికి కూడా ఎప్పుడో గానీ వచ్చేది కాదు. ఆమెకున్న బెంగ ఒకటే, తనకంటే ముందు ఆయనకేమన్నా అయితే తన గతేమిటని. అంతవరకూ నేను ఆయన పాటనూ జుట్టునూ చూసి కుళ్ళుకున్నాను. ఆ రోజు బస్సులో, ఆ మాట విని కుళ్ళుకున్నాను. ఎవరి కోసం నేను మాత్రలు వేసుకోకుండా ఉండాలో ఆత్మకూరు వచ్చేదాకా ఆలోచించినా నాకు తట్టలేదు.

ఆయన మర్నాడే నడక మొదలుపెట్టాడు. అయితే ఉదయగిరిలో అయ్యవారు రోడ్డు మీద నడిచిపోతుంటే చూసి ఊరుకునే మనిషి ఉండడు. స్కూటర్ల వాళ్ళు ఆపేవాళ్ళు, "ఎక్కండి సార్, నడస్తా ఉండారేంది" అని. వద్దంటే చిన్నబుచ్చుకుంటారని ఈయన ఎక్కేవాడు. వాళ్ళు దించినచోట దిగి, అక్కడినుంచి ఇంటికి నడుచుకుంటూ వచ్చేవాడు. పొద్దునపూట సగం దూరం జనం మర్యాదకే పోయేది. ఒకరోజు పాత శిష్యుడు పాల క్యాన్ల మధ్య కూర్చోబెట్టుకుని ఊరు దాటించేశాడట. ఇట్లా అయితే కుదరదని చివరికి దుర్గం కొండ దారి పట్టాడు. ఆ బండల మీద స్కూటరు ఎక్కదు గనక మర్యాద చేసే వాళ్ళూ ఉండరు. కొన్నాళ్ళకు పోస్టుమాస్టరు, కిరాణా కొట్టాయన, ఇంకా ఒకరిద్దరు పొట్టలున్న వాళ్ళు ఆయన వెనక కొండెక్కడం మొదలుపెట్టారు.

నేనూ నడిచాను. మా ఇంటి నుంచి ఆత్మకూరు బస్టాండు దాకా. బస్టాండు పక్కన హోటల్లో కారందోసె చాలా బాగుంటుంది. ఒకసారి పని మీద ఆత్మకూరు వచ్చిన ఆయన నన్ను సరిగ్గా అక్కడే పట్టుకున్నాడు. నేను దోసె మడత విప్పుతున్నాను. తిడతాడేమో అనుకున్నాను. ఎదురుగా కూర్చుని మంచినీళ్ళు తెప్పించుకుని, "తిను తమ్ముడూ, చల్లారిపోతాది," అన్నాడు. నేను తింటున్నంతసేపూ చూస్తూనే ఉన్నాడు. నా తప్పులన్నీ మనసులో రాసుకుంటున్నాడని నాకు తిక్క పుట్టి, పంతానికి ఇంకో దోసె చెప్పాను. దాన్నీ చూశాడు.

ఇంట్లో మా ఆవిడ కొర్రన్నం వండేది, వండిన ప్రతిసారీ బావ పేరు దాంట్లో కలిపి వడ్డించేది. "బావ ఇష్టంగా తింటా ఉండాడంట. మీకే వచ్చింది రోగం." కొర్రన్నం అంత చేదుగా ఇంకెవరికీ ఉండి ఉండదు.

ఆయనకు అసలు చిక్కు వింజమూరులో వచ్చింది. నెలకొక ఆదివారం ఆరాధన అయ్యాక అల్లుళ్ళిద్దరం అత్తగారింట్లో భోంచేయాలి, అది తప్పడానికి లేదు. మా అత్త వడ్డించే తీరు ఏమిటంటే, అల్లుడు విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోస్తుంది. మొదట పెద్దల్లుడికి, తరవాత నాకు. ఆయన మొదటిసారే మెల్లగా చెప్పాడు, డాక్టరు నెయ్యి వద్దన్నాడని. మా అత్త బుద్ధిగా తలూపి, లోపలికి పోయి గిన్నె నిండా వెన్న తెచ్చింది.

"నెయ్యి గదా వద్దన్నాడు. ఇది వెన్న. పొయ్యి మొహమే చూడలా. సలవ చేస్తాది," అని ముద్ద తీసి పెట్టింది. మా అత్త లెక్కలో కాగితేనే కొవ్వు. ఆమె మొహంలో సంతోషం చూసి ఈయన కిక్కురుమనకుండా తినేశాడు. మరుసటి నెల తాళింపులో నూనె వద్దంటే, నూనె బదులు వెన్నతోనే తాళింపు పెట్టింది.

మూడు నెలలకు నెల్లూరు పోయాం. నాది అంగుళం కదల్లేదు. డాక్టరు మాత్ర రాశాడు, నేను తీసుకుని జేబులో పెట్టుకున్నాను. ఆయనది దిగింది గానీ చాలినంత దిగలేదు. డాక్టరు కలం తీస్తే ఆయన, "ఇంకొక్క తూరి చూద్దాం సార్," అని బతిమాలాడు. పిల్లల్ని బెంచీ ఎక్కించే మనిషి అట్లా చేతులు నలుపుకుంటూ నిలబడటం నేను అంతకు ముందు చూడలేదు. బీపీ, షుగరు లేవు గనక డాక్టరు ఒప్పుకున్నాడు, ఇదే ఆఖరని చెప్పాడు.

ఆ తరవాతి ఆదివారం వింజమూరులో మా అత్త గిన్నెతో వచ్చింది. ఆయన విస్తరి మీద రెండు చేతులూ పరిచి పెట్టేశాడు.

"అత్తా, నెయ్యీ వద్దు, వెన్నా వద్దు. నీకు దణ్ణం పెడతాను."

మా అత్త గిన్నె కింద పెట్టింది. ఆమె గొంతు మారిపోయింది. "నా చేతి నెయ్యి వద్దంటే నా బిడ్డను వద్దన్నట్టే గదా అబ్బయ్యా. నేనేం తక్కువ చేసినాను?"

"నీ బిడ్డ కోసరమే వద్దంటా ఉండాను. ఆమె కంటే ముందు నేను పోకూడదు గదత్తా."

మా ఆవిడ వంటింట్లోకి పోయింది. నేను అప్పుడే కలిపిన ముద్ద చేతిలో పట్టుకుని, మింగాలో మానాలో తెలియక అట్లాగే కూర్చున్నాను. మా అత్త చాలాసేపటికి లేచి, గిన్నె తీసుకుని, ఆయన విస్తరి దాటి వచ్చి మొత్తం నా అన్నంలో బోర్లించింది.

అప్పటి నుంచి ఆ ఇంట్లో ఆయనకు వేరే వంట. చింతచిగురు పప్పు, ఉలవచారు, జొన్న రొట్టె, నూనె చుక్క లెక్కన వేసిన చేపల పులుసు. మా అత్త ముందు రోజే పిండి విసిరి పెట్టేది. నాకు మాత్రం పాత పద్ధతే, నల్లి ఎముకలూ నెయ్యీ. ఒకప్పుడు మొదటి నెయ్యి ఎవరి విస్తట్లో పడుతుందా అని నేను ఓరకంట చూసేవాణ్ణి. ఇప్పుడు గిన్నె తిన్నగా నా దగ్గరికే వచ్చేది, కానీ మా అత్త కళ్ళు మాత్రం ఆయన రొట్టె మీద ఉండేవి.

ఆయన కొలెస్ట్రాల్ దిగింది. డాక్టరు కలం మూసేశాడు. ఏడాదికోసారి పోయి చూపించుకునేవాడు, మళ్ళీ పెరగలేదు. చుట్టాల్లో పెళ్ళయినా పేరంటమైనా ఈ కథ చెప్పుకోవాల్సిందే, చివర్లో అందరూ నావైపు చూడాల్సిందే. నేను రాత్రిపూట మాత్ర వేసుకుంటే నాదీ దిగింది, ఆ సంగతి ఎవరూ అడగలేదు. పాపం ఆయన మాత్రం అడిగేవాడు. "మందు మానొద్దు తమ్ముడూ. నాది పంతం. నీకు పంతం అక్కర్లా," అనేవాడు. అదీ నాకు కోపం తెప్పించేది.

అంత కాపాడుకున్న మనిషిని ఒక దోమ తీసుకుపోయింది. సమాధుల తోటలో మట్టి వేస్తున్నప్పుడు కొండెక్కే బృందమంతా ఒక పక్కన నిలబడింది. ఎవరి మొహాలూ చూడలేకపోయాను. వదిన దగ్గరికి పోవడానికి నాకు ధైర్యం చాల్లేదు. ఆయన దేనికోసం అన్నాళ్ళు నోరు కట్టుకున్నాడో అది జరగనే జరగలేదు. ఆమె మిగిలింది, ఆయన పోయాడు. అందులో నేను కుళ్ళుకోవడానికి ఏమీ లేదు, అయినా ఆమె ఏడ్చే తీరు చూసి లోపల ఎక్కడో చురుక్కుమంది. నా కోసం ఒకరు ఇట్లా ఏడుస్తారా అనుకున్నాను. పక్కనే మా ఆవిడ నా చొక్కా పట్టుకుని ఏడుస్తోంది.

జ్ఞాపకార్థ కూడిక రోజున పాస్టరుగారి ప్రార్థన అయ్యాక అందరికీ భోజనాలు. ఏళ్ళ తరవాత ఉదయగిరి ఇంటి పొయ్యి మీద వేటమాంసం ఉడికింది. మిగతావాళ్ళు తిని లేచాక వదిన నన్ను లోపలికి పిలిచి తనే వడ్డించింది. మెట్లెక్కితే ఆయాసపడే మనిషి, పులుసు గిన్నె తనే మోసుకొచ్చింది.

"వద్దొదినా, లోపలికి పోదు," అన్నాను.

"తిను అబ్బయ్యా," అంది. ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. "మీ అన్న వింజమూరు నుంచి వచ్చినప్పుడల్లా నువ్వు తినేదే చెప్పేవాడు. చెప్పులు ఇప్పకముందే మొదలుపెట్టేవాడు. ఇయ్యాల తమ్ముడు నల్లి ఎముక ఎట్టా జుర్రినాడు, పులుసు మళ్ళీ ఎట్టా అడిగి పోయించుకున్నాడు, నెయ్యి మోచేతి దాకా కారతా ఉంటే ఎట్టా నాకినాడు. నేను రొట్టె పెట్టేదాన్ని. అది నములుతా నములుతా అంతా చెప్పేవాడు. ఆత్మకూరులో నువ్వు దోసె తిన్న కతైతే ఎన్నిసార్లు చెప్పినాడో. వాడంత అదురుష్టవంతుడు లేడు, తినేటప్పుడు వాడికి ఏదీ గుర్తుండదు అనేవాడు. నాకు చూసినట్టే ఉండేది."

అన్నం కలుపుకున్నాను. ముద్ద పెద్దదే చేసి పెట్టుకున్నాను, ఎముక తీసుకుని జుర్రాను, పులుసు అయిపోతే మళ్ళీ అడిగాను. వదిన పీట మీద కొంచెం ముందుకు వంగి, రెప్ప వేయకుండా చూస్తూ కూర్చుంది. సాయంత్రానికి ఇంటికి వచ్చేవాళ్ళెవరికో అన్నీ వరసగా చెప్పాల్సి ఉన్నట్టు.