చేతులు ఆపిన పుస్తకం

కనిగిరి నుంచి గుంటూరు వచ్చే బస్సులో నా పక్కన కూర్చున్నావిడ మిరపకాయల షెడ్డు నడుపుతుందట. ఆడవాళ్ళు కాయలకి తొడిమలు తీస్తుంటే, వాళ్ళకి నిద్ర రాకుండా పుస్తకాలు పైకి చదువుతుందట. ఆవిడ సంచిలో మూడు పుస్తకాలున్నాయి. ఒకటి నేను రాసిన నవల! దాని అట్ట మీద కారపు మరకలు చూసి, ఎంతగా చదివారో అని పొంగిపోయాను. నేనెవరో చెప్పకుండా, ఎలా ఉన్నాయండీ ఇవి అని అడిగాను.

"ఈ వంటల పుస్తకం చదివితే ఆకలంటా లేస్తారండి. ఈ దెయ్యాల నవలైతే దిక్కుమాలింది. అందరూ చేతులాపేసి నా మొహంలోకి చూట్టమే! సాయంత్రానికి బస్తా కూడా అవలా."

"మరి ఇదెలా ఉందండీ?" అని నా నవల చూపించాను.

"ఇది బంగారమండీ. ఎన్ని పేజీలు చదివినా ఒక్క చెయ్యీ ఆగదు."

ఆ తిట్లు నాకు కాకుండా ఎవరో ముక్కూ మొహం తెలియని దెయ్యాల రచయితకు దక్కినందుకు కడుపు మండిపోయింది. బస్సు దిగగానే బ్రాడీపేట వెళ్ళి ఆ నవల కొన్నాను. తప్పులు వెతుకుదామని ఇంట్లో తెరిచి కూర్చున్నాను.

పొయ్యి మీద పాలు పొంగి, గిన్నె మాడి వాసనొచ్చినా లేవలేదు.