మా బస్తాలు ఆఖరున

మా అమ్మ తండ్రి, అంటే మా తాత, పత్తి మార్కెట్‌లో హమాలీ. ముప్పై ఏళ్ళు బస్తాలు మోసి, తర్వాత హమాలీ సంఘానికి పెద్ద అయ్యాడు. కుర్చీలో కూర్చునే పెద్ద కాదు. ఎవరికి ఏ తగాదా వచ్చినా చాయ్ డబ్బా ముందు నిలబడి తీర్పు చెప్పే పెద్ద. నా ముక్కు మీది కోపం ఆయన నుంచే వచ్చిందని అమ్మ అంటుంది. నేను ఒప్పుకోను. ఆయన కోపం ఆయన చెప్పినట్టు వినేది. నాది నా మాట ఎప్పుడూ వినలేదు.

ఎవరి మాలు ముందు మోయాలన్న దగ్గర చుట్టరికాలు అడ్డొచ్చి, హమాలీల ముఠాల మధ్య కొట్లాటలు అయ్యేవట. అందుకని తాత ఒక పద్ధతి పెట్టాడు. సంఘంలో ఉన్నవాడి సొంతవాళ్ళ మాలు ఎప్పుడైనా ఆఖరుకే ముట్టాలి. నేను పెళ్ళయి హుస్నాబాద్ దిక్కు పల్లెకు పోయి, మేము పత్తి వేయడం మొదలుపెట్టాక, ఆ దెబ్బ నాకే తగిలింది. "మీ తాత మార్కెట్ల ఉన్నందుకు మనకు మస్తు ఫాయిదా" అని మా ఆయన నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. ఒక్క ఏడు మాత్రం నవ్వు రాలేదు.

ఆ ఏడు కార్తీకంలో ఒక హమాలీ లారీకి ఆనించిన చెక్క మీది నుంచి జారి నడుము విరగ్గొట్టుకున్నాడు. వైద్యం చేయించే బాధ్యత మాది కాదంటే మాది కాదని పత్తి కొనేవాళ్ళు, మార్కెట్‌వాళ్ళు చేతులు దులుపుకున్నారు. హమాలీలు పని ఆపేశారు. అప్పటికే మా నలభై బస్తాలు యార్డులో, ఆరుబయట దిగి ఉన్నాయి. మా ఏడాది పంట మొత్తం అదే. కాంటా పెట్టి తూచేవాడు లేడు. వెనక్కి తీసుకుపోదామంటే ఎత్తేవాడు లేడు. మనిషంత బస్తా, ఒక్కటి కదపాలన్నా అలవాటు లేనివాళ్ళు నలుగురు కావాలి. రెండు రోజులు బస్తాల పక్కనే పడి ఉన్నాం.

మూడో రోజు మధ్యాహ్నం పడమర నల్లబడింది. ఈదురుగాలి లేచింది. షెడ్డు ఖాళీగా కనిపిస్తూనే ఉంది, పత్తి మాత్రం ఆకాశం కింద ఉంది. రైతులందరూ గేటు దగ్గర కూర్చున్న హమాలీల మీదికి పోయారు. ఒకాయన చేతిలో కర్ర కూడా ఉంది.

"మా పంట తడిపి మీరేం బాగుపడ్తరు?"

ఒక పడుచు హమాలీ లేచి నిలబడ్డాడు. "తడవనియ్యిండ్రి. పత్తి తడిస్తెనే కొనేటోళ్ళు మన దిక్కు సూస్తరు. ఇయ్యాల బస్తా ముడితె సమ్మె ఖతం."

తాత ఇద్దరి మధ్యకూ వచ్చాడు. కర్ర పట్టుకున్నాయన చెయ్యి మెల్లగా కిందికి వంచి, పిలగాని వైపు తిరిగాడు.

"తడిసేది కొనేటోనిది గాదు, పండించినోనిది. వీళ్ళను ముంచి మనం గెలుసుడేంది? షెడ్డు దాకా మోద్దాం. కాంటా దిక్కు పోవద్దు, లారీ దిక్కు సూడొద్దు. వాన నుంచి తప్పించుడు వేరు, పని జేసుడు వేరు."

ఎవరూ కదల్లేదు. దూరంగా ఉరిమింది. చివరికి ఆ పడుచువాడే తువ్వాల నెత్తికి చుట్టుకుని ముందు నడిచాడు. తక్కినవాళ్ళు లేచారు.

నేను తాత దగ్గరికి ఉరికాను. "తాతా, మాయి గా మూలకున్నయి. అది పల్లం. నీళ్ళన్ని ఆడికే వస్తయి."

"నీయి ఆఖరుకు, బిడ్డా."

"ఇయ్యాల గూడనా?"

"ఇయ్యాలనే."

ఒళ్ళు మండిపోయింది. అందరూ వింటుండగానే అరిచాను. "నీకు సంఘమే పేగుబంధం. మేం నీకు ఎవ్వలం?" తాత మొహం తిప్పుకుని తర్వాతి ముఠాను పిలిచాడు. హమాలీలు బస్తాలు వీపున వేసుకుని పరుగులు పెడుతుంటే, నేను మా బస్తాల మీద చీర కొంగు కప్పుతూ నిలబడ్డాను. నలభై బస్తాలకు ఒక కొంగు! పిచ్చిదాన్ని.

అందరివీ షెడ్డు చేరేసరికి వాన దంచడం మొదలైంది. అప్పుడు తాత తనే వచ్చి మా బస్తా కింద వంగాడు. ఆపరేషనైన కడుపు, బరువెత్తవద్దని డాక్టర్ చెప్పాడు. "నువ్వు ముట్టకు పెద్దాయనా" అని హమాలీలు అడ్డం వచ్చారు.

"నా మన్మరాలిది నేను మోసుకుంటె సంఘానికేం నష్టంరా?"

అందరూ చేతులేశారు. పద్దెనిమిది బస్తాలు దక్కాయి. ఇరవై రెండు నీళ్ళలో నానాయి.

మర్నాడు, పత్తి దక్కిన రైతులందరూ పోయి గేటు దగ్గర హమాలీల పక్కన కూర్చున్నారు. సాయంత్రానికి కొనేవాళ్ళు దిగివచ్చారు. నడుము విరిగిన మనిషిని పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. యార్డంతా సంబరం. నేను తడి బస్తాలు ట్రాక్టర్‌లో వేయించుకుని ఇంటికి వచ్చేశాను.

ఆ మర్నాడు మొదటి బస్సుకే తాత మా ఇంటికి వచ్చాడు. ఎవరినీ పలకరించకుండా వాకిట్లో పత్తి పరచి, ఎండకు తిప్పుతూ కూర్చున్నాడు. మూడు రోజులు అదే పని. మూడో రోజు ఉండబట్టలేక అడిగాను.

"నాయి ముందుగాల మోపిస్తె ఆకాశం ఇరిగి పడుతుండెనా తాతా?"

"పడేది గాదు బిడ్డా. గని నీయి ముందుగాల మోపిచ్చినంక, తతిమ్మోళ్ళయి మోయుండ్రంటె ఒక్కడన్న నా మాట ఇంటుండెనా?"

అది నిజమని నాకు అక్కడే తెలిసింది. అయినా నీళ్ళ చెంబు ముందు పెట్టి, మాట్లాడకుండా లోపలికి పోయాను. ఎంత ఎండబెట్టినా పత్తి పసుపెక్కింది. ఆ మచ్చ చూసినప్పుడల్లా కోపం మళ్ళీ పొంగేది. తాత ఫోన్ చేస్తే మా ఆయన చేతికి ఇచ్చేదాన్ని. కొన్ని నెలలకు కోపం దిగింది, సిగ్గు మిగిలింది. విత్తనాలు పెట్టాక పోయి ఒక్క మాట చెప్పి రావాలనుకున్నాను. విత్తనాలు పెడుతుండగానే అమ్మ ఫోన్ చేసింది.

"నువ్వు జేసిందే న్యాయం తాతా" అని నేను పైకి అన్నది పాడె పక్కన కూర్చున్నాకే. హమాలీలందరూ విన్నారు. వినవలసినవాడు వినలేదు.