నీళ్ల గది వెనక గోడ

దప్పికతో వచ్చిన మనిషి ముఖం చూడకుండా నీళ్లు పోయడానికి మీ పెద్దలు గోడకు కన్నం పెట్టించి ఉంటే, ఆ గోడను ఇవాళ మీరు ఏం చేస్తారు?

నా చిన్నప్పుడు మా ఊరి రైల్వేస్టేషనులో అలాంటి గోడ ఉండేది. ఎర్రగుంట్ల దాటాక వచ్చే చిన్న స్టేషను మాది. గోడ ఇప్పటికీ ఉంది. సిమెంటు మోసే గూడ్సు బండ్లు ఎక్కువై కొత్త లైను, పొడవాటి ప్లాట్‌ఫారం, లిఫ్టు కడుతున్నారు. పాత కట్టడంలో ఏది ఉంచాలో, ఏది కూల్చాలో రైల్వేవాళ్లతో ఊరి పెద్దలు కూర్చుని తేలుస్తున్నారు. కూల్చేవాటిలో ఆ గోడను చేర్చారు. దాన్ని కట్టించింది మా అబ్బ, అంటే మా నాయనకు నాయన. అందుకే ఇది రాస్తున్నాను.

ప్లాట్‌ఫారం చివర రాతితో ఒక గది కట్టించి, ఎండాకాలమంతా అందులో చలివేంద్రం నడిపేవాడు మా అబ్బ. బండి ఆగగానే ముందు గుమ్మం దగ్గర ఇత్తడి గ్లాసులతో నీళ్లు అందించేవాళ్లు. వెనక గోడకు నడుమెత్తున ఒక కన్నం, అందులోంచి బయటికి చొచ్చుకొచ్చిన నాపరాతి దోనె. అంటరానివాళ్లని ఊరు పేరు పెట్టిన మనుషులు అటు వెళ్లి, వంగి, దోసిలి పట్టాలి. పోసేవాళ్లకు వాళ్లు కనిపించరు. ఎవరు ఎటు పోవాలో ఎవరూ చెప్పేవాళ్లు కాదు. చెప్పే అవసరం లేనంతగా నేర్పి పెట్టాం. ఆ గదిని చూసినప్పుడల్లా మా అబ్బ అంత ధర్మాత్ముడు లేడనుకునేదాన్ని.

మా అమ్మ తమ్ముడు, మా చిన్నమామ, కడపలో చదువుకుంటూ సెలవులకు మా ఇంటికి వచ్చేవాడు. అన్నాల దగ్గర దేవుడి మీదా, కులం మీదా వాదానికి దిగేవాడు. "దేవుడు లేకుంటే ఈ సంగటి నీకు ఎవురు పెట్టినారప్పా?" అని మా అబ్బ ఎగతాళి చేస్తే, "మా అక్క" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. వాదం అక్కడితో అయిపోయేది.

ఒక మధ్యాహ్నం మామ నన్ను స్టేషనుకు తీసుకుపోయి, ఎండలో పట్టాల వెంట తిప్పాడు. నాలుక పిడచ కట్టాక, ఒక ఆట ఆడదామన్నాడు. గది వెనక్కి పోయి దోనె కింద దోసిలి పట్టాలి, నోరు విప్పకూడదు, అంతే. పాసింజరు బండి వచ్చి ఆగింది. నేను పోయి చేతులు చాపాను.

నీళ్లు ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. సగం మోచేతుల మీదుగా కారి పావడ తడిసింది. నోటికి అందింది గుక్కెడు. అంతలోనే ధార ఆగింది. లోపలినుంచి మా అబ్బ మాట వినిపించింది. ఆ గొంతు నేను ఇంట్లో ఎన్నడూ వినలేదు.

"చాల్లే, పో. ఎనకోళ్లకు ఉండొద్దా?"

ఆట మరచిపోయాను. "అబ్బా, నేను. ఇంగా దప్పి అయితాంది" అన్నాను.

మా అబ్బ గది చుట్టూ తిరిగి వచ్చాడు. నా వెనక ఒకామె చంకలో బిడ్డతో నిలబడి ఉంది. "పాపకు పొయ్యి సామీ ముందు, మేం ఉంటాంలే" అని పక్కకు జరిగింది. మా అబ్బ ఆమె వైపు చూడలేకపోయాడు. నన్ను ఎత్తుకుని ముందు గుమ్మంలోంచి లోపలికి తీసుకుపోయి ఇత్తడి గ్లాసు చేతికిచ్చాడు. నేను తాగుతుండగానే బండి కూత పెట్టింది. ఆమె బిడ్డను అదుముకుని బండి వైపు పరిగెత్తడం గుమ్మంలోంచి చూశాను.

మర్నాటికి ఆ కన్నం లేదు. దోనె పీకించి, రాళ్లు పెట్టి సున్నంతో పూడ్పించాడు మా అబ్బ. మామ గెలిచాడని ఎగిరి గంతేశాను. బండి వచ్చాక కొందరు అలవాటుగా వెనక్కే పోయారు. ఒక ముసలాయన పచ్చి సున్నాన్ని అరచేత్తో తడిమి చూసి, తిరిగి వెళ్లి బండెక్కాడు. ముందు గుమ్మానికి రమ్మని వాళ్లను ఎవరూ పిలవలేదు.

ఇంటికి నడుస్తూ మామ ఆ సంగతి ఎత్తాడు. "ఆ బొక్క చూస్తే తల కొట్టేసినట్టు ఉండాదప్పా. అందుకే మూపించినా" అన్నాడు మా అబ్బ.

"మూసింది నీ సిగ్గుకు మామా. వాళ్ల దప్పికి ఏం చేసినావు?" అని అడిగాడు చిన్నమామ.

ఆ ఎండాకాలం అలాగే గడిచింది. మరుసటి ఏడు ప్లాట్‌ఫారం మీద కుళాయి వచ్చింది. ఎవరి చెయ్యయినా దాన్ని తిప్పుకోవచ్చు. మా ఇంటి దానధర్మాలు చేయలేని పని ఒక ఇనప గొట్టం చేసింది. కనుక కొత్త కట్టడాలంటే ఈ ముసలిదానికి పడదని ఎవరూ అనుకోవద్దు. లైను రావాలి, లిఫ్టు రావాలి. నడవలేనివాళ్లు ఎవరి దయా అడగకుండా బండెక్కాలి.

నా గొడవ పాతదాన్ని కాపాడుతున్నామని చెప్పుకునేవాళ్లతో. స్టేషను కమాను, గంట, టికెట్ల కిటికీ ఉంచుతారట. నీళ్ల గదికి ముందు భాగం ఉంచి, దాని మీద దాతగా మా అబ్బ పేరు చెక్కిస్తారట. కన్నం పూడ్చిన మచ్చ ఇంకా కనిపించే ఆ వెనక గోడ ఒక్కటే కొత్త ప్లాట్‌ఫారానికి అడ్డమట. అడ్డమేమీ లేదని, దాన్ని వదిలి కట్టవచ్చని పని చూసే ఇంజనీరే చెప్పాడు. అప్పుడు అసలు మాట బయటపడింది. "ఎందుకమ్మా అది? చూసినోళ్లు మీ అబ్బనే కదా తిట్టేది" అన్నాడొక పెద్దాయన, నా మీది అభిమానంతోనే.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. మా అబ్బ సున్నంతో చేసిన పనినే ఇంతమందిమి కలిసి యంత్రాలతో చేయబోతున్నాం. సిగ్గు కలిగితే మనిషి మారాలి. మనం గోడలు మార్చుకుంటున్నాం. ఏ విషయంలో సిగ్గనిపించినా నేను ముందు చూసుకునేది ఇదే: నా చెయ్యి తప్పు దిద్దడానికి పోతోందా, కప్పడానికి పోతోందా?

మా అబ్బను తిట్టేవాళ్లను తిట్టనివ్వండి. గోడ ఇంకా పడలేదు. మీరు స్టేషనుకు వెళ్లండి. పని జరిగేచోట నిలబడి, కొత్తది ఎంత కావాలంటే అంత కట్టండి, ఈ గోడను మాత్రం ముట్టుకోవద్దని చెప్పండి. ఇక్కడ ఏం జరిగిందో దాని మీద చెక్కించమని అడగండి, మా అబ్బ పేరుతో సహా.