చెయ్యి చాపితే పట్టేసే పెద్దాయన

జర్మనీలోని కార్ల్స్‌రూహెలో మా ఆఫీసుకు కాస్త అవతల, ట్రామ్ దిగగానే ఒక జియు-జిట్సు క్లబ్ ఉంది. కింద పడి పట్లు పట్టే ఆట. పొట్ట తగ్గుతుందని చేరాను. పొట్ట అలాగే ఉంది గానీ, అక్కడ నాకొక పెద్దాయన దొరికాడు. రిటైరైన స్కూల్ టీచర్, తెల్లగడ్డం, అరవై దాటిన వయసు. మొదటి రోజు జోడీ దొరక్క గోడ పక్కన నిలబడితే, రమ్మని చెయ్యి ఊపింది ఆయనే. అప్పటినుంచి నా జోడీ ఆయనే.

ఆయన ప్రత్యేకత మణికట్టు పట్టు. చెయ్యి దొరికితే చాలు, మోచేతిని తన ఛాతీకి బిగించుకుని అరచేతిని లోపలికి వంచేస్తాడు. చూసేవాళ్ళకు ఏమీ తెలియదు, మనకు మాత్రం నరాలు జివ్వుమంటాయి. ఓడిపోయానని చేత్తో తట్టగానే వదిలేస్తాడు.

నా చెయ్యి ఆయనకు రోజూ దొరికేది. దానికి కారణం మా ఇంటి పెంపకం. ఈ ఆటలో కాళ్ళు ఎక్కడ పడితే అక్కడ తగులుతాయి. ఆయన భుజానికో గడ్డానికో నా కాలు తగలగానే, తాకి కళ్ళకద్దుకోవడానికి నా చెయ్యి నన్నడక్కుండానే ముందుకు పోయేది. కళ్ళదాకా మాత్రం వచ్చేది కాదు. మధ్యలోనే ఆయన పట్టేసేవాడు.

"ఇదేం ఎత్తు? ఎప్పుడూ పనిచెయ్యదు, అయినా నువ్వు మానవు," అన్నాడొకసారి. ఎత్తు కాదు, పెద్దవాళ్ళకు కాలు తగిలితే మేమిలా చేస్తామని విడమరిచి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "చాలా మంచి ఆచారం," అని మెచ్చుకుని, ఆ వెంటనే ఆటలో మళ్ళీ పట్టేశాడు. మనిషి దయగలవాడే, ఆటలో మాత్రం చుక్క దయ ఉండదు. అందుకే ఆయనంటే నాకు ప్రాణం.

ఇంట్లో చెప్పుకుంటే నా భార్య కూడా ఆయన పక్షమే. "గంత పెద్దమనిషికి కాలు తాకిస్తవు, మళ్ల గెలవాలె అంటవు. జర సిగ్గుండాలె నీకు!"

ఈ వసంతంలో ఆయన, ఉత్తరాన సముద్రం దగ్గరున్న కూతురి ఊరికి మకాం మారుస్తున్నానని చెప్పాడు. ఇన్నాళ్ళలో ఆయన చేత నేను ఒక్కసారి కూడా తట్టించలేదు. వెళ్ళేలోగా అది జరగాలి, అదీ ఆయన జాలిపడి ఇచ్చింది కాకూడదు.

చివరి సాయంత్రం పెనుగులాటలో నా మడమ ఆయన చెంపకు గట్టిగా తగిలింది. చెయ్యి లేచింది. పళ్ళు బిగించి ఆపుకున్నాను. లోపల ఎంత తప్పుగా అనిపించిందో చెప్పలేను. ఆయన మాత్రం అలవాటుకొద్దీ, నా చెయ్యి వస్తుందని తన చెయ్యి ముందే చాపాడు. చాపిన ఆ చేతినే పట్టుకుని, ఆయన చేసినట్టే మోచేతిని ఛాతీకి బిగించి వంచాను.

ఆయన తట్టాడు.

వదిలేశాను. ఆయన వెల్లకిలా పడుకుని కడుపుబ్బ నవ్వుతున్నాడు. నేను గెలిచిన సంగతే మరిచిపోయి, ఎర్రబడ్డ ఆయన చెంపను తాకి కళ్ళకద్దుకున్నాను. ఈసారి ఆయన నా చెయ్యి పట్టుకోలేదు.

నవ్వడం ఆపి మోకాలు చూపించాడు. "పోయినవారం ఇక్కడ తగిలింది."

అదీ తాకి కళ్ళకద్దుకున్నాను.

భుజం చూపించాడు. "ఇది చలికాలంలోది."

గడ్డం దాకా వచ్చేసరికి నాకు ఏడుపు ఆగలేదు.

"తొందరేం లేదు," అన్నాడు. "ఇంకా చాలా ఉన్నాయి."