అన్న కారు లైట్లు

జగిత్యాలలో ధర్మపురి రోడ్డు పక్కన నాకొక చిన్న రేకుల షెడ్డు ఉంది. పచ్చబడి మసకబారిన కారు హెడ్‌లైట్లను మళ్లీ తేటగా చేయడం నా పని. కోరుట్లలో ఒక కారు సామాన్ల దుకాణంలో రెండేళ్లుండి ఈ పని నేర్చుకున్నాను. అంతకు ముందు సిరిసిల్లలో అన్నా నేనూ కలిసి సాంచాలు నడిపేవాళ్లం. కరెంటు మగ్గాలను మా దగ్గర అలాగే అంటారు.

సాంచాల నూలు దుమ్ము పీల్చి పీల్చి అమ్మ ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది. పదకొండో రోజు భోజనాల దగ్గర, చుట్టాలందరి ముందు, "అమ్మను నీ సాంచాలే సంపినయి. అమ్ముదామంటే ఇన్నవా?" అని అన్నను అనేశాను. ఆయన చేతిలో విస్తరాకుల కట్టతో అలాగే నిలబడ్డాడు. మర్నాడు నేను ఊరు విడిచిపెట్టాను. పదకొండేళ్లు గడిచాయి. సంబంధాలు చూసేవాళ్లు లేక పెళ్లీ కాలేదు. షెడ్డు వెనక గదిలోనే ఉంటాను. పొద్దంతా మనుషులతో మాట్లాడతాను గానీ అవన్నీ లైట్ల ముచ్చట్లే.

నిరుడు చలికాలం ఒక పొద్దున పాత తెల్ల కారు వచ్చి ఆగింది. అన్న దిగాడు. జుట్టంతా నెరిసింది. పక్క సీట్లో కూర్చున్న అమ్మాయి ఆయన బిడ్డే. నేను వచ్చేసినప్పుడు ఆరేళ్ల పిల్ల. నేనిక్కడున్నానని తెలిసే వచ్చాడో, తెలియక వచ్చాడో, నాకు ఇప్పటికీ తెలియదు.

దుమ్ముకు మాస్కు కట్టుకొని ఉన్నాను. అయినా ఆయన చూపు నా కళ్ల దగ్గర ఆగింది. వచ్చిన ప్రతివాణ్నీ 'అన్నా' అని పిలిచే నాకు ఆ మాట రాలేదు.

"లైట్లు మసకైనయి. ఎంతసేపు పడ్తది?" కారు వైపు చూస్తూ అడిగాడు.

"గంటన్నర."

రంగు పాడవకుండా చుట్టూ టేపు అంటించి, నీళ్లు చల్లుతూ ఎమరీ పేపర్‌తో రుద్దడం మొదలుపెట్టాను. మొదట్లో లైటు పాలు పోసినట్టు తెల్లబడుతుంది. అది చూసి అమ్మాయి కారు దిగింది.

"అయ్యో డాడీ, ఇంకింత కరాబైంది సూడు!"

"ఆగు బిడ్డా. ఆయన పని ఆయనకెరుక," అన్నాడు అన్న. అంతమంది ముందు అంత మాటన్న తమ్ముణ్ని 'ఆయన' అని అనడం విని నా చెయ్యి ఆగిపోయింది.

సన్న పేపర్ వేసి, మిషన్‌తో పాలిష్ పట్టేసరికి లోపలి బల్బు స్పష్టంగా కనిపించింది. అన్న వంగి, బట్టలో తప్పు వెతికినట్టు, బొటనవేలితో లైటంతా తడిమాడు.

"గీ మూలకు గీత ఉన్నది."

నిజమే, ఉంది. మళ్లీ రుద్దాను.

"అంకుల్, బాగ ఎలుగొచ్చే తెల్ల బల్బులు ఎయ్యరాదు?" అమ్మాయి అడిగింది.

"ఈ పాత లైట్లకు పనికిరావు బిడ్డా. ఎదురొచ్చేటోల్ల కండ్లల్ల కొడ్తయి."

బిడ్డా అన్నానని నోరు జారాకే తెలిసింది. అన్న ముఖం రోడ్డు వైపు తిప్పుకున్నాడు.

వెళ్లేముందు, "గిట్ల తేటగ ఎన్నొద్దులుంటది?" అన్నాడు.

"పైన పూత పెట్టిన. ఆర్నెల్లకోసారి తెచ్చి సూపిస్తే మంచిది."

"సరే."

ఆనాటి మాటకు తప్పయింది అని చెప్పాలనుకున్నాను. పిల్ల పక్కనే ఉంది. కారు వెళ్లిపోయింది.

ఆర్నెల్లు దాటాయి. కారు రాలేదు. ఈ వానాకాలం సిరిసిల్లలో ఒకరి ఇంటి దగ్గర పని దొరికితే, అది ముగించుకొని, మెడలో మాస్కు, చేతిలో పని సంచితోనే అన్న ఇంటికి నడిచాను. అమ్మాయే తలుపు తీసింది.

"లైట్ల అంకుల్! డాడీ, మమ్మీ ఇద్దరు బస్సుల వేములవాడ పోయిండ్రు. పొద్దూకినంక అస్తరు. కూసోండ్రి."

మంచినీళ్లు తెచ్చింది. తాగుతూ తల ఎత్తితే గోడ మీద అమ్మ ఫోటో ఉంది. నేను చూడటం గమనించి, "మా నాయనమ్మ. నా చిన్నప్పుడే సచ్చిపోయింది. ఇంట్ల ఎవ్వలు ముచ్చట చెప్పరు," అంది.

"అట్లనా," అన్నాను. ఆ ఫోటో తీయించింది నేనే. గ్లాసు ఇచ్చేసి లేచాను.

వాకిట్లో కారు ఉంది. వాన నీళ్లు తుడిచి చూశాను. పూత చెక్కు చెదరలేదు.

"డాడీకి ఏం జెప్పాలె అంకుల్?"

తడి చేతులు తుడుచుకున్నాను.

"లైట్లు మంచిగనే ఉన్నయని జెప్పు."

బస్టాండుకు నడిచాను. జగిత్యాల బస్సు వెంటనే దొరికింది.